నలభై గొర్రెల ఉన్నితో ఏం చేయొచ్చు, ఎంతకు అమ్మొచ్చు

చెల్లెమ్మా, నువ్వు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు రాస్తాను. బెంగళూరులో ఎనిమిదేళ్ళుగా ఉద్యోగం. అత్తగారిది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మామయ్యకు 40 గొర్రెలున్నాయి. ఉద్యోగం మానేసి ఊరికి వచ్చి, ఆ ఉన్నితో కంబళ్ళు, చిన్న చిన్న వస్తువులు నేయించి ఆన్‌లైన్‌లో అమ్మాలని నీ ఆలోచన. నెలకు 30,000 మిగలాలి. మెరినో గొర్రెలో, అంగోరా కుందేళ్ళో తెచ్చుకుంటే మేలా? కంబళికి ఎంత ధర పెట్టాలి? మంద పెంచడానికి సబ్సిడీ లోను తీసుకోవాలా? ఇవీ నీ ప్రశ్నలు.

నేను 19 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మాది రాయదుర్గం వైపు. మా ఆయన మంద చూసుకుంటాడు, ఉన్ని పని నాది. నీకంటే పెద్దదాన్నే అయ్యుంటాను కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు. ఇక్కడ నేను వేసే లెక్కలన్నీ మా ఇంటి పుస్తకంలోవి. మీ ఊరి కూలి రేట్లు కొంచెం అటూఇటూ ఉంటాయి, వాటిని పెట్టి మళ్ళీ వేసుకో.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్యి. ఈ ఆదివారం మామయ్యకు ఫోన్ చేసి మందలో ఎర్ర గొర్రెలు ఎన్ని, నల్ల గొర్రెలు ఎన్ని అని అడుగు. నీ ప్రశ్నలో ఈ మాటే లేదు, నాకు టెన్షన్ అంతా ఇక్కడే. అనంతపురం జిల్లాలో ఇప్పుడు ఎక్కువ మందల్లో కనిపించేవి నెల్లూరు జాతి. పొడుగు కాళ్ళు, ఎర్రటి పొట్టి వెంట్రుక. తెల్లగా ఉండే పల్ల, ముఖం మీద నల్ల మచ్చలుండే జోడిపి కూడా ఆ జాతివే. వాటికి ఉన్ని రాదు. మాంసానికి పెంచే గొర్రెలవి. కంబళికి కావాల్సింది మన పాత నల్ల గొర్రె, అంటే దక్కనీ జాతి, లేదా అటు సరిహద్దు వైపు నుంచి వచ్చిన బళ్ళారి రకం. మిల్లు దుప్పట్లు చవకగా వచ్చి ఉన్ని ధర పడిపోయాక, మాంసం ధర పెరిగాక చాలామంది నల్లవాటిని అమ్మేసి ఎర్రవి కొన్నారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కానీ మామయ్య మందలో 40కి 30 ఎర్రవే అయితే నీకు ఉన్ని పది గొర్రెలదే. ఎర్ర పొట్టేలును నల్ల గొర్రెలకు దాటిస్తే పుట్టే పిల్లలకు ఉన్ని తగ్గి వెంట్రుక పెరుగుతుంది, అది కూడా చూసుకో.

ఇక కుందేళ్ళ మాట. వద్దు. అంగోరా కుందేలు చలి ప్రాంతపు జీవం. ఒళ్ళంతా అంత బొచ్చు పెట్టుకుని మన ఏప్రిల్, మే ఎండలకు తట్టుకోలేదు. 40 డిగ్రీలు దాటే చోట దాన్ని బతికించాలంటే కూలర్లు, కరెంటు, రాత్రీపగలూ కాపలా కావాలి. కుందేళ్ళ యూనిట్ పెట్టి పిల్లలు తిరిగి కొంటామని చెప్పేవాళ్ళు నీకు ఫోన్ చేస్తారు, ఆ మాటలు నమ్మొద్దు. మెరినో కూడా అంతే. కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ రాజస్థాన్‌లోని అవికానగర్‌లో ఉంది. దాని దక్షిణాది కేంద్రం కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరులో ఉంది. భారత్ మెరినో గొర్రెలనూ అంగోరా కుందేళ్ళనూ అక్కడ పెంచుతున్నారంటే ఆ చల్లదనం చూసే కదా. పష్మీనా మేకలు లడఖ్ ఎత్తుల్లో బతికేవి, అల్పాకాలు దక్షిణ అమెరికా కొండలవి. వీడియోల్లో ఎంత ముద్దుగా ఉన్నా మన పల్లేరు ముళ్ళ బీళ్ళలో పనికొచ్చేది మన గొర్రే.

మన గొర్రె ఉన్ని ముతక. మెరినో వెంట్రుకకు రెండింతలకు పైగా లావు. చాలా వెంట్రుకలకు మధ్యలో బోలు ఉంటుంది, అందుకే రంగు సరిగ్గా పట్టదు, ఒంటికి గుచ్చుకుంటుంది. ఆ ఉన్నే కొప్పెరగా, అంటే తలమీదుగా మడిచి కప్పుకుంటే వాన నీళ్ళను జార్చేస్తుంది, చలిని ఆపుతుంది, నేల మీద పరిస్తే ఏళ్ళ తరబడి అణగదు. నీ సరుకును దాని గుణం చూసి ఎంచుకోవాలి. మెత్తటి శాలువా అని పేరు పెట్టి అమ్మితే మొదటి నెలలోనే పార్సిళ్ళు వెనక్కి వస్తాయి. "ఇది గరుకుగా ఉంటుంది, నేల మీద పరుచుకోవడానికి, మంచం మీద వేసుకోవడానికి, వానలో కప్పుకోవడానికి" అని ముందే రాయి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరే రకం కొనుగోలుదారు నీకు వద్దు, ఆ మాట చదివి వాళ్ళే తప్పుకుంటారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. గొర్రె తోక బెత్తెడే అంటారు చూడు, ఉన్ని కూడా అలాగే. మా మందలో ఏడాదికి రెండు కత్తెరలు కలిపి తలకు సగటున 600 గ్రాములు వస్తుంది. బాగా మేసిన పొట్టేలు కిలోకు దగ్గర ఇస్తుంది, ముసలి గొర్రె 400 కూడా ఇవ్వదు. మామయ్యవి 40కి 40 నల్లవే అనుకుందాం, 24 కిలోలు. పొట్ట కింది బొచ్చు, పేడ అంటినది, ముళ్ళు పట్టినది తీసేసి, కడిగి ఆరబెడితే నా దగ్గర 2.8 కిలోల పచ్చి ఉన్నికి 2 కిలోల శుభ్రమైన ఉన్ని మిగులుతుంది. ఒక నిండు కంబళికి ఆ 2 కిలోలు కావాలి. అంటే 40 గొర్రెలు ఏడాదంతా మోసిన ఉన్నికి ఎనిమిది కంబళ్ళు. అదీ అసలు సంగతి.

పచ్చి ఉన్నిగానే అమ్ముదామా అంటావేమో. తెలిసిన వ్యాపారి కిలో 20, 30 రూపాయలకు అడుగుతాడు, ఒక్కోసారి అసలు రాడు. కత్తిరించేవాళ్ళకు మేం తలకు 30 ఇస్తాం, రెండు కత్తెరలకు 60. అమ్మిన డబ్బు కత్తిరింపు కూలికి కూడా చాలదు. అందుకే చాలా ఊళ్ళలో బొచ్చు కత్తిరించి కంపలో పారేస్తున్నారు. అదే మందలో ఏడాదికి 30 పిల్లలు అమ్ముడుపోయాయనుకో, పిల్ల 7,000 చొప్పున 2,10,000 వస్తుంది. పైగా రైతుల చేలల్లో, చీనీ (బత్తాయి) తోటల్లో ఎరువు కోసం రాత్రిళ్ళు మంద తోలితే వచ్చే డబ్బు ఉంది. గొర్రెను పోషించేది మాంసమూ పెంటా. ఉన్ని దాన్ని పోషించలేదు. కాబట్టి గొర్రెల లెక్కకు ఒక పుస్తకం, ఉన్ని లెక్కకు ఇంకో పుస్తకం పెట్టు. మేత, మందులు, కాపరి జీతం, పిల్లల అమ్మకం మొదటి దాంట్లో. రెండో పుస్తకంలో మొదటి ఖర్చు, మామయ్య దగ్గర ఉన్ని కొన్న డబ్బు. అవును, సొంత మామయ్యకే కిలోకు ఇంత అని లెక్కకట్టి చేతిలో పెట్టు. నేను మా ఆయనకు ఇస్తాను. నవ్వుకున్నారు ఇంట్లో మొదట్లో. కానీ ఇలా రాసుకున్నాకే నాకు కంబళి మీద లాభం వస్తోందో, పిల్లలమ్మిన డబ్బుతో కంబళి నడుస్తోందో తెలిసింది. మూడేళ్ళపాటు రెండోదే జరిగింది.

ఏరిన, పొడిగా ఉన్న, రంగుల వారీగా విడగొట్టిన ఉన్నికి నేను కిలో 60 ఇస్తాను. వ్యాపారి ఇచ్చే దానికి రెట్టింపు కదా అంటే, నాకు అందులో లాభమే. 20 రూపాయల ఉన్నిలో మట్టి, పేడ, తడి తూకానికి వస్తాయి, ఏరడానికి రోజులు పడతాయి. మొదటి ఏడాది ఒకాయన దగ్గర మూటలు విప్పి చూడకుండా కొన్నాను. పైన పొడిగా ఉంది, ఇంటికి తెచ్చి విప్పితే నడిమధ్య తడి, ఉడికినట్టు వేడి, ముట్టుకుంటే వేళ్ళ మధ్య తెగిపోతోంది. సగం చెట్ల పాదుల్లోకే పోయింది. అప్పటినుంచి ప్రతి మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తాను. తర్వాత ఒక పాయ తీసి రెండు చివర్లా పట్టుకుని చెవి దగ్గర పెట్టి లాగి వదులుతాను. టంగుమని తీగలా మోగితే మంచిది. చిటచిటమని తెగితే ఆ గొర్రె జబ్బు పడిందనో, మేత లేక ఎండిపోయిందనో అర్థం. ఆ వెంట్రుకకు పెరిగే దారిలో ఒకచోట బలహీనత ఉండిపోతుంది, వడికేటప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది.

ఇక కంబళి ధర. ఒక్క కంబళికి నా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. పచ్చి ఉన్ని 2.8 కిలోలు, 60 చొప్పున సుమారు 170. కడగడం, ఏరడం ఒక రోజు కూలి 350. ఏకడానికి, అంటే చిక్కులు లేకుండా ఉన్నిని విడదీయడానికి, ఇంకో రోజు, 350. ఇప్పుడు అసలైనది, వడకడం. కదురు మీద ఒక ఆడమనిషి ఇంటిపని, వంట చూసుకుంటూ రోజుకు పావుకిలో వడుకుతుంది, అదీ చేయి తిరిగిన మనిషైతే. 2 కిలోలకు ఎనిమిది రోజులు, 350 చొప్పున 2,800. పడుగు (మగ్గం మీది నిలువు దారాలు) పోసి, చింతగింజల గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడానికి నేతగాడికి ఒక రోజు, 500. గుంట మగ్గం మీద నేయడానికి రెండు రోజులు, 1,000. చింతగింజలు, కుంకుడుకాయ, కట్టెలు 100. మొత్తం 5,270. పది ముక్కల్లో ఒకటి చెడిపోతుంది, లేదా మూలన పడి ఉంటుంది, దానికి పదోవంతు కలుపు. ప్యాకింగ్, కొరియర్ 200. దగ్గర దగ్గర 6,000 అయింది. ఇందులో నీకింకా ఒక్క రూపాయి లేదు. ఫోటోలు తీసి, ఫోన్లు మాట్లాడి, పార్సిల్ కట్టి, పోతే పోయిన దానికి పూచీ పడేది నువ్వు. దానికి 1,000 వేసుకుంటే ధర 7,000.

ఈ అంకె చూసి నీకు గుండె జారి ఉంటుంది. సంతలో మిల్లు కంబళి అందులో అయిదో వంతుకే దొరుకుతుంది. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. నేనూ చేశాను. పాత రోజుల్లో అమ్మిన ధరకు ఇంకాస్త కలిపి 900 అని, ఒక సిటీ షాపుకు 20 కంబళ్ళు ఒప్పుకున్నాను. ఉన్ని మనదే కదా, వడికేది ఊళ్ళో పెద్దమ్మలే కదా అనుకున్నాను. కంబళ్ళు పంపాక సగం డబ్బే వచ్చింది, మిగతాది ఈరోజు రేపు అంటూ రానే లేదు. అది ఒక నష్టం. అంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. మాకు వడికే పెద్దమ్మ ఒకావిడ ఉండేది. వడికిన ఉన్ని నూలు ఉండలు నా ఒళ్ళో పెట్టి, డబ్బులు లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుంటూ అడిగింది: "ఎనిమిది దినాలకు ఇంతేనామ్మా? చెనక్కాయ కోతకు పోయింటే రెండు దినాల్లో వచ్చేది." తిట్టలేదు, అరవలేదు. ఆ తర్వాత ఆమె కదురు అటకెక్కింది. మళ్ళీ వడకమని నేను ఏ మొహంతో అడగను? ఆమె మానేయడంతో మా ఊళ్ళో సన్న నూలు వడికేవాళ్ళలో ఒకరు తగ్గిపోయారు. నేర్చుకునే పిల్లలు లేరు.

అప్పటినుంచి నేను ధర వడికే మనిషి దగ్గర మొదలుపెడతాను. ఉన్ని ధర పెరిగినా తగ్గినా కంబళి ధరలో తేడా 100 రూపాయలే. వడికే చేతులకు రోజుకు ఎంత ఇస్తావన్నదే మొత్తం ధర. మీ ఊళ్ళో ఆడకూలి ఎంతో ముందు కనుక్కో, చెనక్కాయ కోత నాళ్ళలో ఎంతకు పెరుగుతుందో కూడా కనుక్కో. దానికి తగ్గకుండా కట్టు. రోజుల లెక్కన ఇచ్చేకంటే నూలు తూకానికి ఇవ్వడం మంచిది, కిలోకు 1,400. వాళ్ళు వీలున్నప్పుడు వడుకుతారు, నువ్వు పక్కన నిలబడాల్సిన పని లేదు. అయితే లావు నూలుకు ఆ రేటు ఇవ్వకూడదు, సన్నదానికి ఒకటి, లావుదానికి ఒకటి పెట్టి, రెంటికీ ఒక్కో ఉండ నమూనాగా వాళ్ళ ఇంట్లో ఉంచు. నూలు తూచిన రోజే డబ్బు ఇచ్చేయి. అప్పు పెడితే మరుసటి వారం కదురు తిరగదు.

7,000కు కొనేవాళ్ళు ఉన్నారు, కానీ తక్కువ మంది. మా కంబళ్ళు ఏడాదికి పది పన్నెండు పోతాయి, ఎక్కువ బెంగళూరుకే. కాబట్టి కంబళి నీ పేరు నిలబెడుతుంది, ఇల్లు నడిపేది చిన్న సరుకు. నేను ఎక్కువగా అమ్మేది ఆసనాలు. పూజకు, ధ్యానానికి కింద వేసుకుని కూర్చునేవి, అర కిలో బరువు. దీనికి లావు నూలు సరిపోతుంది, లావుదైతే అదే మనిషి రోజుకు అర కిలో వడికేస్తుంది. లెక్క చూడు. పచ్చి ఉన్ని 700 గ్రాములకు 42, కడిగి ఏరి ఏకడానికి 175, వడికినందుకు 350, పడుగుకు 50, నేతకు 125, ఇతరాలు 30. అంతా 772. పదోవంతు కలిపి, ప్యాకింగ్‌కు 60 వేస్తే 910 దాకా వచ్చింది. నేను 1,200కు ఇస్తాను. ఉన్ని ఆసనం మీద కూర్చుని జపం చేయాలనే నమ్మకం మన జనంలో ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఇది ఏమిటని ఎవరికీ విప్పి చెప్పాల్సిన పని లేదు, గరుకుదనం గురించి పేచీ కూడా రాదు.

షాపులకు ఇస్తావా? ఇచ్చేముందు ఒకటి చూసుకో. షాపువాళ్ళు అమ్మే ధరలో 40 శాతం అడుగుతారు, అది వాళ్ళ అద్దెకు, జీతాలకు తగినదే. 7,000 కంబళిలో అది పోతే నీ చేతికి వచ్చేది 4,200, ఖర్చే 6,000. అంటే కంబళి షాపుకు ఇవ్వలేవు. ఆసనం కూడా 1,200 దగ్గర ఇవ్వలేవు. షాపుల్లో ఉండాలనుకుంటే మొదటిరోజు నుంచే ఆసనం ధర 1,600 పెట్టాలి, నువ్వు నేరుగా అమ్మినా అదే ధరకు అమ్మాలి. ఊళ్ళో ఒక ధర, ఆన్‌లైన్‌లో ఒక ధర, షాపులో ఒక ధర ఉంటే నాలుగు నెలల్లో అందరికీ తెలిసిపోతుంది. నేను షాపులు మానేసి నేరుగానే అమ్ముతున్నాను. ఎగ్జిబిషన్లకు వెళ్తే స్టాల్ అద్దె, బస్సు, బస ఖర్చులన్నీ అమ్ముడయ్యే ముక్కల మీద పంచి చూసుకో. రెండు రోజుల ఎగ్జిబిషన్‌కు 9,000 ఖర్చు అయితే, ఆసనం మీద నీకు మిగిలే 290తో ఆ ఖర్చు పూడాలంటే 32 ఆసనాలు పోవాలి.

నీ 30,000 సంగతి ఇప్పుడు చెప్తాను, కొంచెం గట్టిగానే. ఒక్క కంబళ్ళతోనే నెలకు 30,000 రావాలంటే నెలకు 30, ఏడాదికి 360 కంబళ్ళు. దానికి పచ్చి ఉన్ని వెయ్యి కిలోలు, అంటే దాదాపు 1,700 నల్ల గొర్రెల ఉన్ని. వడకడానికి 2,880 రోజులు, అంటే పదిమంది ఆడవాళ్ళు ఏడాదంతా అదే పని. అంతమంది మీ మండలంలో దొరకరు. దొరికినా 360 మంది కొనేవాళ్ళను నువ్వు మొదటి ఏళ్ళలో వెతకలేవు.

చేయగలిగింది ఇది. సొంత మంద ఉన్ని 24 కిలోలు, చుట్టుపక్కల మందల నుంచి ఇంకో 75 కొను. పారేసే ఉన్నికి కిలో 60 అంటే జనం ఇస్తారు, నువ్వు ఏరుకుని తీసుకోవచ్చు. ఆ 99 కిలోల్లో పది కంబళ్ళకు 28, వంద ఆసనాలకు 70. కంబళ్ళ మీద 10,000, ఆసనాల మీద 29,000 మిగులుతుంది. కడగడం, ఏరడం, ఏకడం నువ్వే చేస్తే ఆ కూలి 24,500 కూడా నీకే. మొత్తం ఏడాదికి 63,500, నెలకు 5,300. ఇది కూడా అన్నీ అమ్ముడైతేనే, రెండో ఏడాదికి చేరుకునే మాట. వడకడానికి 180 రోజుల పని, ఇద్దరు పెద్దమ్మలు తీరిగ్గా చేయగలరు. ఇదీ ఉన్నంతలో నిజం. దీంతో ఇంటి ఖర్చులు వెళ్ళవు, కాబట్టి ఉద్యోగం ఇప్పుడే మానేయొద్దు. వర్క్ ఫ్రమ్ హోమ్ అడుగు, వారానికి రెండు రోజులైనా ఊళ్ళో ఉండేలా చూసుకో. లేదా మీ ఆయన ఉద్యోగం మీద ఇల్లు నడిచి, నువ్వు రెండేళ్ళు దీని మీద పడగలిగితే అది వేరే సంగతి.

సబ్సిడీ గురించి. జాతీయ పశుసంపద మిషన్ కింద 2021 నుంచి గొర్రెల, మేకల యూనిట్లకు 50 శాతం మూలధన సబ్సిడీ ఉంది. 100 ఆడవి, 5 పొట్టేళ్ళు అయితే 10 లక్షల దాకా, 500 ఆడవి, 25 పొట్టేళ్ళు అయితే 50 లక్షల దాకా. సబ్సిడీ వాయిదాల్లో వస్తుంది, మిగతా సగం నీ సొంత డబ్బో బ్యాంకు లోనో కావాలి. పథకం మంచిదే, పిల్లలు పుట్టించి అమ్మే వ్యాపారానికి. ఉన్ని కోసమని మాత్రం దాని జోలికి పోవద్దు. 40 గొర్రెలను మామయ్య తన కళ్ళతో చూసుకుంటున్నాడు. 105 అయితే ఇంకో కాపరి, మేత భూమి, షెడ్డు, నీళ్ళు. మన జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడిన ఏడాది. కరువు వస్తే మేత కోసం మందను ఎటు తోలుకుపోవాలో మామయ్యకు తెలుసు, నీకు నాకు తెలియదు. మంద పెంచాలా వద్దా అన్నది ఆయన నోటినుంచి రావాలి. టీకాలు, నట్టల మందుల లెక్క మాత్రం నువ్వు రాసిపెట్టు. చిటుక రోగం, పారుడు రోగం, బొబ్బ రోగం, వీటి టీకాల తేదీలు తప్పితే ఒక్క వారంలో మంద సగమైపోవడం నేను చూశాను. జబ్బుపడి లేచిన మందకు ఆ ఏడు ఉన్ని కూడా రాలిపోతుంది.

కడిగే నీళ్ళ గురించి కూడా ఆలోచించుకో, మన ఊళ్ళలో అది చిన్న విషయం కాదు. కిలో ఉన్నికి నాకు నాలుగు బిందెలు పడుతుంది. కుంకుడుకాయ రసం కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, చేత్తో అదిమి తీయాలి. బట్టలు ఉతికినట్టు బాదినా, వేడినీళ్ళలోంచి తీసి చన్నీళ్ళలో ముంచినా ముద్దకట్టి గట్టిపడిపోతుంది, ఇక ఏకడానికి రాదు. మొదటి మురికినీళ్ళు చెట్లకు పోసెయ్యి. ఏరి పారేసిన పేడబొచ్చు, పొట్టబొచ్చు కూడా పారేయొద్దు. మాకు తెలిసిన చీనీ తోట రైతు వాటిని పాదుల్లో పరిచి పైన మట్టి కప్పుతాడు. తేమ ఆగుతుంది, మెల్లగా కుళ్ళుతూ నత్రజని ఇస్తుంది. ఆయన నాకు డబ్బు ఇవ్వడు, కోత సమయంలో చీనీకాయలు ఇంటికి పంపుతాడు.

శుభ్రం చేసిన ఉన్నిని ప్లాస్టిక్ సంచుల్లో కట్టొద్దు, చెమ్మ పట్టి వాసన వేస్తుంది. గుడ్డ సంచుల్లో ఎండు వేపాకు వేసి, రెండు నెలలకోసారి ఎండలో పరుచు. పురుగు పడితే కంబళికి కంబళే పోతుంది.

నేతగాడి కోసం ఎక్కువ తిరగాల్సి రావచ్చు. మీ వైపు కుందుర్పి, బ్రహ్మసముద్రం పల్లెల్లో కురుబల ఇళ్ళలో పాత గుంట మగ్గాలు ఇంకా ఉన్నచోట అడుగు. దొరక్కపోతే సరిహద్దు దాటి చెళ్ళకెర వైపు పో, కంబళి నేతకు పేరున్న ఊరది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆర్డర్ ఇవ్వకుండా రెండు రోజులు కూర్చుని చూడు. గంజి ఎంత చిక్కగా పడుతున్నారు, అంచు ఎలా కడుతున్నారు, ఏ నూలుకు విసుక్కుంటున్నారు, అవన్నీ నీ వడికే పెద్దమ్మలకు వచ్చి చెప్పాల్సిన మాటలే.

మొదటి ఏడాదికి పెట్టుబడి ఎక్కువ అక్కర్లేదు. గొర్రెలు కొనొద్దు, షెడ్డు కట్టొద్దు, మెషిన్లు కొనొద్దు. 30 కిలోల ఉన్ని, మూడు కంబళ్ళు, 25 ఆసనాలు. మూడు కంబళ్ళకు 18,000, ఆసనాలకు 23,000, మొత్తం 41,000 దాకా అవుతుంది. అది చేతిలో ఉంచుకుని మొదలుపెట్టు. ఆ సరుకు ఎన్నాళ్ళకు పోయిందో, ఎవరు కొన్నారో, ఎవరు వెనక్కి పంపారో రాసుకో. ఆరు నెలల్లో పోకపోతే రెండో విడత నేయించొద్దు, మళ్ళీ ఇక్కడ రాయి, ఎక్కడ ఆగిందో కలిసి చూద్దాం.

వచ్చే కత్తెర లోపల చేయాల్సినవి చెప్పి ముగిస్తాను. మంద గుర్తుకోసం మామయ్య వీపుమీద రంగు పూస్తుంటే ఈసారి ఆపమని బతిమాలు. పెయింట్ పడిన ఉన్ని ఎన్ని నీళ్ళు పోసినా పోదు. గుర్తు కావాలంటే చెవికి ట్యాగు వేయించు, లేదా కొమ్ముకు పూయమను. రెండు పెద్ద టార్పాలిన్లు కొను, నేల మీద కత్తిరించనీయొద్దు. ముందురోజు గొర్రెలను చెరువులోనో బోరు దగ్గరో ఈదించి కడిగించు, మరునాడు ఒళ్ళు పూర్తిగా ఆరాకే కత్తెర పెట్టాలి. కత్తిరించేవాళ్ళు గుండుగా రావాలని ఒకచోటే రెండుసార్లు కత్తెర ఆడిస్తారు, ఆ పొట్టి ముక్కలు నూలులో నిలవవు, రాలిపోతాయి. తలకు 10 రూపాయలు ఎక్కువ ఇస్తానని చెప్పి, ఒకే దెబ్బకు చర్మానికి దగ్గరగా తీయమను. పిల్లల తొలి కత్తెర ఉన్నిని విడిగా ఒక సంచిలో వెయ్యి. మందలో అన్నిటికంటే మెత్తనిది అదే. అది కిలో అయినా సరే నాకు ఫోటో పెట్టు, దాంతో ఏం నేయించాలో అప్పుడు చెప్తాను.